హార్మోనియం మాస్టారూ, సముద్రం పక్క ఇల్లూ

మా మామ్మకి ఉన్న కోరిక ఒక్కటే. సముద్రం పక్కన ఒక వారం ఊరికే కూర్చోవాలి. విన్నవాళ్ళందరూ నవ్వేవారు. అమలాపురం పక్కన పుట్టి, ఆ పక్క ఊరికే కోడలై వచ్చిన మనిషికి సముద్రం ఏమంత దూరమని? కానీ మామ్మ లెక్క వేరు. నాన్నగారిని చదివించుకునే రోజుల్లో ఆవిడ ఉప్పలగుప్తం దిగువ చేలల్లోకి నాట్లకి వెళ్ళేది. నడుం పట్టేసి ఒక్క క్షణం గట్టెక్కితే, సరుగుడు చెట్ల సందులోంచి దూరంగా నీళ్ళు తళతళమనేవిట. అంతలోనే వెనకనుంచి మేస్త్రీ కేక పడేది: "ఏం చేస్తున్నావే అక్కడ?" మళ్ళీ బురదలోకి దిగి వంగడమే.

"పనుండగానే చూసేనమ్మా సముద్రాన్ని. పనిలేకుండా ఒక్కసారి చూడాలి" అనేది.

సముద్రం దాపున మాకు చుట్టాలు లేకపోలేదు. కానీ చుట్టాలింటికి వెళ్తే మామ్మ వాళ్ళ వంటింట్లోనే తేలుతుంది. రెండో రోజుకి వాళ్ళ చింతపండు గింజలు తీస్తూ, మూడో రోజుకి వాళ్ళ మనవణ్ణి ఎత్తుకుని తిప్పుతూ ఉంటుంది. ఇంక సముద్రం ఎప్పుడు చూస్తుంది? అందుకని అద్దె ఇల్లే కావాలని నేను పట్టుబట్టాను. డెబ్బైల చివర్లో మా వైపు సరదాకి ఇల్లు అద్దెకి తీసుకోవడమన్న మాటే లేదు. ఉద్యోగానికైతే తీసుకుంటారు, తీర్థానికైతే ఒక రాత్రికి అరుగు అడుక్కుంటారు. వారం రోజులు ఏ పనీ చెయ్యకుండా ఉండడానికి అద్దె కడతామంటే, వీళ్ళకేమైనా తిక్కా అన్నట్టు చూసేవారు. నేనప్పుడే కొత్తపేటలో టీచరుగా చేరాను. ఆ ఏడాది నా జీతంలో దాచిందంతా మామ్మ సముద్రానికే అని చెప్పేశాను. ఆవిడ మోకాళ్ళు అప్పటికే మొండికేస్తున్నాయి. వచ్చే వేసవికి బస్సెక్కగలదో లేదో ఎవరికి తెలుసు?

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, మా చర్చి సంఘంలో పెద్ద. ఆయనంత మర్యాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎవరేం చెప్పినా "ఆయ్" అనేవారు. ఎదుటివాళ్ళని ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం ఒళ్ళు చచ్చిపోయేది. కూరగాయలవాడు పుచ్చు వంకాయలు వేసినా "పోన్లే, అడిగితే ఏమనుకుంటాడో" అని ఇంటికి తెచ్చేవారు. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఇద్దరి మధ్యా అమ్మ నలిగిపోయేది. అలాంటి నాన్నగారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద నిలబడి, మా అమ్మగారి కోసం సముద్రం పక్కన ఇల్లు చూస్తున్నామని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పారు. ఇంకేం, ఊరంతా దండోరా వేసినట్టే.

ఆ వారంలోనే ఒకాయన వచ్చాడు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా, చంకలో రెక్సిన్ సంచీ, వేలికి తగిలించుకున్న తాళాల గుత్తి. ఆ తాళాలు అరుగు మీద పెట్టి మరీ కూర్చున్నాడు. ఉప్పలగుప్తం అవతల సముద్రం ఒడ్డున ఒక మేడ ఉందనీ, ఆసామి రాజమండ్రిలో ఉంటాడనీ, వేసవిలో అద్దెకి ఇచ్చే బాధ్యత తనదేననీ చెప్పాడు. సంచీలోంచి ఫోటో తీసి చూపించాడు. నిజంగానే మేడ, ముందు వరండా, వరండాలో పడక కుర్చీ. ఆ కుర్చీ చూడగానే మామ్మ కళ్ళు మెరిశాయి. "ఇందులో కూర్చుంటే సముద్రం కనిపిస్తుందా బాబూ?" అని అడిగింది. "ఆయ్, మీ కాళ్ళ దగ్గరేనండి" అన్నాడు.

కొత్త మనిషి కనబడితే మా వాళ్ళు ముందుగా చేసే పని చుట్టరికం తవ్వడం. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఫలానావారు మీకేమవుతారు అని నాలుగు మాటలాడితే, ఎక్కడో ఒకచోట వేలు విడిచిన మేనమామ దొరికి తీరతాడు. దొరికాడా, ఇంక ఆ మనిషి మనవాడే, వేరే సాక్ష్యం అక్కర్లేదు. నాన్నగారు మొదలుపెట్టారు. రాజోలు పాస్టరుగారు మీకేమవుతారండీ? ఆయ్, మేనమామగారేనండి. కాంపౌండరుగారి అల్లుడు మీ వాళ్ళేనా? ఆయ్, మా వాళ్ళేనండి. నాన్నగారే పేరు అందిస్తున్నారు, ఆయన తలూపుతున్నాడు. నాన్నగారి మొహం వెలిగిపోతోంది. చుట్టరికమంతా తన సంచీలోంచే తీసి ఆయన సంచీలో వేస్తున్నానని నాన్నగారికి తోచలేదు.

నేను గుమ్మంలో నిలబడి, పోటు వస్తే నీళ్ళు మెట్ల దాకా వస్తాయా అని అడిగాను. ఆయ్, వస్తాయండి, కూర్చున్న చోటే కాళ్ళు తడుపుకోవచ్చు అన్నాడు. అమ్మ లోపలినుంచి, నీళ్ళు మరీ అంత దగ్గరికొస్తే రాత్రిళ్ళు భయం కదండీ అంది. ఆయ్, అంత దగ్గరికెక్కడొస్తాయండీ, చాలా దూరం అన్నాడు. ఒక్క నిమిషంలో సముద్రాన్ని ముందుకీ వెనక్కీ నెట్టేశాడు మహానుభావుడు! నాకు ఒళ్ళు మండింది. ముందు ఇల్లు చూస్తామన్నాను. సున్నాలు వేయిస్తున్నారండి, నాలుగు రోజులు తాళం తియ్యకూడదన్నాడు. మరి ఆ తాళాలెందుకు మోసుకొచ్చారో అని నా నోటిదాకా వచ్చింది. కాకినాడ పార్టీ ఒకరు అడుగుతున్నారండి, మీరైతే మనవాళ్ళని ముందు ఇటే వచ్చాను, ఈపూట బయానా ఇస్తే ఖాయం చేసేస్తాను అన్నాడు. నాన్నగారు బీరువా తాళం కోసం లేవబోయారు.

లేస్తున్న నాన్నగారిని చూస్తే నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఎలా తోచిందో ఇప్పటికీ తెలియదు.

"ఉప్పలగుప్తంలో ఎడంచేత్తో హార్మోనియం వాయించే మాస్టారుగారు ఒకరున్నారు, మీకు తెలుసాండీ?" అన్నాను.

అలాంటి మాస్టారు ఈ భూప్రపంచంలో లేడు. ఆ క్షణంలో నా నోట్లోంచి పుట్టాడు.

"ఆయ్, తెలియకపోవడమేంటండీ. మాకు బాబాయి వరసవుతారు" అన్నాడు.

లోపల అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఉప్పలగుప్తంలో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరని ఆవిడకి తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పారిపోయింది. నేను మొహం బిగించుకుని, ఆయన బాగున్నారా అని అడిగాను. పాపం, ఆ మనిషికి అక్కడ అనుమానం వచ్చినట్టుంది. బతికున్నవాడైతే రేపు వెళ్ళి తన సంగతి వాకబు చేస్తామనుకున్నాడేమో, తల వంచుకుని, "పోయేరండి. మొన్న చలికాలంలో. పిన్నిగారు ఒక్కరే ఉంటన్నారు" అన్నాడు.

అక్కడే కాలు జారాడు. కోనసీమలో బతికున్న చుట్టం గుమ్మం పదేళ్ళు తొక్కకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మనిషి పోయాడని చెవిన పడి, పలకరించడానికి వెళ్ళకపోతే మాత్రం ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. మామ్మ వెంటనే రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. మేమందరం తలలు వంచాం. లేని మాస్టారి కోసం, వెనక మిగిలిపోయిన లేని పిన్నిగారి కోసం మామ్మ కన్నీళ్ళతో పెద్ద ప్రార్థన చేసింది. ఆ మనిషి చివర్లో ఆమెన్ కూడా అన్నాడు.

కళ్ళు తుడుచుకుని మామ్మ చెప్పింది, రేపు పొద్దున్న బస్సుకి అందరం వెళ్తున్నామని. ముందు పిన్నిగారిని పలకరించి, ఆవిడ ఎదురుగానే బయానా ఇచ్చి, అట్నుంచటే మేడకి వెళ్దామని. సున్నం వాసనకి తను చచ్చిపోదని. మీకెందుకండీ శ్రమ అన్నాడు ఆయన. శ్రమేంటి బాబూ, నీ బాబాయి మాకు పరాయివాడా అంది మామ్మ. పోనీ బయానా ఈపూట ఇచ్చేస్తే అని నసిగాడు.

"తప్పు బాబూ. చావు పలకరించకుండా వేడుక మాట మాట్లాడకూడదు. ముందు ఏడవాలి, తర్వాత నవ్వాలి" అంది మామ్మ.

ఆయన మర్యాద ఆయన మెడకే చుట్టుకుంది. ఆయ్ అన్నాడు. రేపు అమలాపురం బస్టాండులో కలుస్తానన్నాడు. నాన్నగారికి నమ్మకం బలపడాలని కాబోలు, ఫోటో ఆయన చేతిలోనే పెట్టాడు. చేపల పులుసుతో అన్నం తిని, మజ్జిగ కూడా తాగి, తాళాల గుత్తి మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నాన్నగారు నన్ను పిలిచి, ఆ మాస్టారు నీకెలా తెలుసమ్మా అని నెమ్మదిగా అడిగారు. ఆయన హార్మోనియం మీద ఏ పాట బాగా వాయించేవారో కూడా తెలుసుకుందామని ఉంది నాన్నగారికి.

"నాకు తెలియదు నాన్నగారూ. ఆయన్ని నేను పుట్టించేను, వాడు చంపేడు" అన్నాను.

ఇంటికొచ్చిన మనిషికి అలా పరీక్ష పెట్టడం మర్యాద కాదన్నారు నాన్నగారు. ఒకవేళ వేరే ఎవరైనా ఎడంచేత్తో వాయించేవారు నిజంగా ఉన్నారేమో అని కూడా అన్నారు. నాకు అరవాలనిపించింది. ఆగమని అమ్మ సైగ చేసింది. వంటింట్లో మామ్మ అప్పటికే పిన్నిగారికి పట్టుకెళ్ళడానికి పనసాకులు బుట్టల్లా కుట్టించి, వాటిలో ఇడ్లీల్లా ఉడికించే పొట్టిక్కల కోసం పిండి రుబ్బించేస్తోంది. పెట్టెలోంచి గంజి పెట్టిన తెల్లచీర తీసి ఆరేసింది. ఆ మొహం చూస్తే ఇంట్లో ఎవరికీ నిజం చెప్పడానికి నోరు రాలేదు. నాకున్న భయమల్లా అదే. వాడు పోతే పోయాడు, వాడితోపాటు మామ్మ సముద్రం కూడా పోతుందేమో!

మర్నాడు అమలాపురం బస్టాండులో ఎవరూ లేరు. అంటే జనం బోలెడుమంది ఉన్నారు, ఆ మనిషే లేడు. ఒక బస్సు వెళ్ళింది. ఇంకో బస్సు వెళ్ళింది. నాన్నగారు ప్రతి తెల్లచొక్కా వెనకా వెళ్ళి తొంగి చూసి వస్తున్నారు. పాపం, దారిలో ఏమైందో అంటున్నారు. ఇంక నావల్ల కాలేదు. మామ్మ పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాడు మోసగాడని, మేడా లేదు, బాబాయీ లేడని.

"అయితే ఆ మాస్టారు పోలేదా?" అంది మామ్మ.

"అసలు లేనే లేరు మామ్మా."

"పోన్లే తల్లీ. ఆ పిన్నిగారికి ఏ కష్టమూ లేదన్నమాట." అని నిట్టూర్చి, ఒళ్ళో ఉన్న పొట్టిక్కల గిన్నె సర్దుకుంది. మళ్ళీ నా వైపు తిరిగి, చిన్నపిల్లలా అడిగింది. "సముద్రం ఉంది కదా?"

"ఉంది మామ్మా."

"అయితే పదండి. బస్సు వెళ్ళిపోద్ది."

ఎక్కేశాం. ఎక్కడుంటామో, ఏం తింటామో తెలియదు. నాన్నగారు దిగాలుగా ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నారు. అమ్మ ఆయన చేతిలోంచి అందుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు ఊగడం మొదలుపెట్టాయి.

"ఏవండీ, మన సముద్రం పక్కన కొండెప్పుడు మొలిచిందండీ?" అంది.

లాక్కుని చూశాను. మేడ వెనక, ఆకాశాన్ని ఆనుకుని ఇంత బారున కొండ! మా కోనసీమలో ఇల్లు కట్టాలంటే రాయి కూడా ఏరు దాటి రావాలి. పుట్టి బుద్ధెరిగి ఇక్కడ కొండన్నది చూసినవాళ్ళు లేరు. ఆ పెద్దమనిషి అంత పెద్ద కొండని చేతికిస్తే, మేమందరం ఎదురుగా ఉన్న పడక కుర్చీ చూసి మురిసిపోయాం. ముందు సీటాయన ఫోటో అడిగి తీసుకున్నాడు. అది కండక్టరు దాకా వెళ్ళింది, డ్రైవరు దాకా వెళ్ళింది. బస్సంతా నవ్వే. నాన్నగారు కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వారు. అప్పటికి నా కోపం దిగిపోయింది.

ఉప్పలగుప్తంలో దిగి, ఎడ్లబండి మాట్లాడుకుని ఒడ్డున ఉన్న పల్లెకి చేరాం. అందరూ వేట మీద బతికేవాళ్ళు, తాటాకిళ్ళు. మామ్మ ఈడు కాదు గానీ అమ్మ కన్నా పెద్దావిడ ఒకామె గుమ్మంలో వల బాగుచేసుకుంటోంది. ఒక వారం ఉండడానికి ఇల్లేమైనా దొరుకుతుందా అని అడిగాం. ఆమె లేచి నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఇంక చూడండి, ప్రశ్నల వర్షం. ఎవరండీ మీరు? ఏ ఊరు? ఎందుకొచ్చేరు? ఊరికే ఉండడానికా? ఊరికే ఎవరైనా ఉంటారా? ఇంట్లో దెబ్బలాడుకుని వచ్చేరా? పోలీసులు గానీ వెతుకుతున్నారా? మీ ఊళ్ళో మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరు? నాన్నగారి జేబులో పెన్ను చూసి, సర్వే వాళ్ళేమో, భూములు కొలవడానికి వచ్చేరేమో అని కూడా అడిగింది. మేం మోసగాళ్ళమేమోనని ఆమె అనుమానం!

నాన్నగారికి ఎక్కడ కష్టం కలుగుతుందోనని చూశాను. ఆయన చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెప్తున్నారు. పైగా మొహంలో సంతోషం.

మాట్లాడడం అయ్యాక ఆమె, తన కొడుకూ కోడలూ కాకినాడ వైపు పనికెళ్ళారనీ, వాళ్ళుండే పక్కిల్లు ఖాళీగా ఉందనీ చెప్పింది.

"ముందు లోపలికెళ్ళి చూసుకోండి. నచ్చితే ఒక పూట ఉండండి. మాకు మీరు నచ్చాలి, మీకు మేం నచ్చాలి. డబ్బు మాట వెళ్ళేప్పుడు చూసుకుందారి" అంది.

నేను లోపలికెళ్ళి కప్పు చూశాను, నులక మంచం కదిపి చూశాను, కుండలో మంచినీళ్ళు తాగి చూశాను. ఆమె ఏమీ అనుకోలేదు. తలుపు గడియ కొంచెం వదులుగా ఉంది, దాన్ని కూడా చూసుకోండి అని తనే చూపించింది. నాన్నగారు బయట నిలబడి ఇదంతా గమనించారు.

"అడిగితే ఏమీ అనుకోరన్నమాట" అన్నారు అమ్మతో. నలభై దాటాక ఆయన నేర్చుకున్న పాఠం అది. ఆ తర్వాత కూరగాయలవాడి పని ఎలా అయిందో చెప్తే నమ్మరు. ఒక్కో వంకాయనీ తిప్పి చూసి, "ఏమీ అనుకోకు బాబూ" అని వెనక్కి వేసేవారు.

పలకరింపుకని చేసిన పొట్టిక్కలు ఆ మధ్యాహ్నం మేమూ ఆ ఇంటివాళ్ళూ కలిసి, ఆమె పెట్టిన రొయ్యల ఇగురుతో తిన్నాం. హార్మోనియం మాస్టారి పేరు చెప్పుకుని తిన్నామని అమ్మ అంది. కథంతా విని ఆ తల్లి నవ్విన నవ్వుకి పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి, మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు. ఒక పూట కాస్తా వారమైంది. మామ్మ చేపలు శుభ్రం చెయ్యబోతే ఆ ఇంటామె ముందునుంచి కత్తిపీట లాగేసుకుంది. అద్దెకి వచ్చినవాళ్ళు పని చెయ్యకూడదండీ, మాకు చెడ్డపేరు వస్తుందని కసురుకుంది. అద్దె ఇల్లు కావాలని నేనెందుకు పట్టుబట్టానో అప్పుడు అందరికీ అర్థమైంది.

వచ్చిన మర్నాడు పొద్దున్నే మామ్మ గంజి చీర కట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. ఒడ్డున లాగి పెట్టిన పడవ నీడలో ఇసక మీద చతికిలపడి, కాళ్ళు బారజాపుకుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మేం దూరంగా కూర్చున్నాం. దగ్గరికి వెళ్ళాలనిపించలేదు. ఎండ పడవ దాటి వచ్చినా ఆవిడ కదల్లేదు. నీళ్ళు రావడం, పోవడం, అదే చూస్తోంది.

ఆ ఇంటామె తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వస్తూ, మామ్మని చూసి ఆగింది. వెనకనుంచే కేకేసింది.

"ఏం చేస్తన్నారండీ మామ్మగారూ అక్కడ?"

మేస్త్రీ కేక పడ్డట్టు మామ్మ ఉలిక్కిపడింది. చెయ్యి నేలకి ఆనించి లేవబోయింది కూడా. సగం లేచి, ఎవరో చూసి, మళ్ళీ ఇసకలో కూలబడింది. తర్వాత మొహమంతా నవ్వు చేసుకుని గట్టిగా చెప్పింది.

"ఏమీ చెయ్యట్లేదమ్మా."

ఆమె సరేనండి అని కదలబోతే మామ్మ ఆపింది.

"ఇంకోసారి అడుగమ్మా" అంది.

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అయినా తట్ట దించి, మళ్ళీ అడిగింది.